అందరూ విన్న మాట

ఆ విమానాశ్రయానికి టవరు లేదు. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని రెండు గదుల ఫ్లయింగ్ స్కూలు, ఒక పెట్రోలు పంపు, గాలి ఎటు వీస్తోందో చూపించడానికి స్తంభానికి కట్టిన నారింజ రంగు గుడ్డ గొట్టం. అంతే. నువ్వు దిగు, నువ్వు ఆగు అని చెప్పే నాథుడు లేడు. ఆ చుట్టుపక్కల ఎగిరేవాళ్లందరూ రేడియోలో ఒకే ఫ్రీక్వెన్సీ పెట్టుకుని, తామెక్కడున్నారో, ఏం చేయబోతున్నారో ఎవరికి వాళ్లే బటన్ నొక్కి చెప్పాలి. మిగతావాళ్లు అది విని తమ దారి చూసుకోవాలి. ఒకరన్న మాట అందరికీ వినిపిస్తుంది. గుట్టుగా ఇద్దరు మాట్లాడుకోవడం అక్కడ కుదరదు.

కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్లతో మాస్టారు మొదటిరోజే అనేవారు: "బయట ఎవరి డప్పు వాళ్లు కొట్టుకుంటే నలుగురూ నవ్వుతారు. ఇక్కడ కొట్టుకోకపోతే నలుగురూ మోస్తారు."

స్కూలు పెట్టిన నాటి నుంచీ మాస్టారే పెద్ద ఇన్‌స్ట్రక్టరు. పొడుగాటి మనిషి, నిదానస్తుడు. ఏం చెప్పాలన్నా ముందు గొంతు సవరించుకునేవారు, రేడియోలో కూడా. ఆ సవరింపు వినపడితే చాలు, పెట్రోలు పంపు చూసుకునే బంకు మామయ్య టీకి నీళ్లు పెట్టేవాడు. మాస్టారి ఇల్లు రన్‌వే అవతలి వీధిలోనే. ఆ ఇంటి వంటగది కిటికీలో చిన్న రిసీవరు ఉండేది. దాంట్లో వినడమే తప్ప మాట్లాడటం ఉండదు. ఆయన భార్య పని చేసుకుంటూ దాన్ని వింటూ ఉండేది. ఆయన "దిగుతున్నాను" అనగానే పొయ్యి వెలిగించేది. ఆవిణ్ణి స్కూల్లో అందరూ పిన్ని అనే పిలిచేవారు, ఆవిడకంటే పెద్దవాడైన బంకు మామయ్యతో సహా. ఆ వరసలన్నీ కలిపి చూస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో బ్రహ్మక్కూడా తెలియదు.

పిచ్చుక ఆ స్కూలుకి వచ్చేనాటికి అప్పుడప్పుడే చదువు ముగించిన పిల్ల. సీటు మీద రెండు దిండ్లు వేస్తేగానీ అద్దంలోంచి ముందుకు చూడలేకపోయేది. గొంతు సన్నం, కీచు. మొదటిసారి రేడియోలో నోరు విప్పినప్పుడు మాస్టారు పక్క సీట్లోంచి తిరిగి చూసి, "ఇది మనిషి గొంతా, షెడ్డులో గూడు పెట్టిన పిచ్చుకదా?" అన్నారు. పేరు అలా అతుక్కుపోయింది. ఆమె మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజున ఆయన రన్‌వే పక్కన గడ్డిలో చేతి రేడియో పట్టుకుని నిలబడ్డారు. పైనుంచి ఆమె ప్రతి మలుపూ చెబుతూ వచ్చింది. ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు. "వింటున్నానమ్మా, చెబుతూ ఉండు," అని మాత్రం మధ్యమధ్యలో అన్నారు. ఆ గొంతు పట్టుకునే ఆమె కిందికి దిగింది.

తరవాత ఆమె కొన్నేళ్లు ఎక్కడెక్కడో సరుకుల విమానాలు నడిపి, మళ్లీ అదే స్కూలుకి ఇన్‌స్ట్రక్టరుగా వచ్చింది. మాస్టారికి వయసు మీద పడ్డాక యాజమాన్యం ఆయన కుర్చీ ఆమెకి ఇచ్చింది. ఆయనే ఆ కుర్చీని ఆమె ముందుకి జరిపి, "దీని కాలొకటి పొట్టిది. ఊగుతుంది. పదవి ఊగుతోందని కంగారుపడకు," అన్నారు. అందరూ నవ్వారు. ఆ తరవాత కూడా ఆయన రోజూ వచ్చేవారు. ఆయనకి సొంతంగా ఒక పాత రెండు సీట్ల విమానం ఉంది. రెక్కలు నెత్తిమీద ఉండే రకం. దాన్ని అందరూ ముసలమ్మ అనేవారు. ఓ గంట దాన్ని తిప్పి, దిగి, బంకు మామయ్య దగ్గర టీ తాగి ఇంటికి నడిచివెళ్లేవారు.

పిచ్చుకకి ఏదో తేడా కనపడసాగింది కుర్చీ ఎక్కిన కొన్నాళ్లకే. పొద్దున గాల్లో ఎదురైతే, "బావున్నారా మాస్టారూ?" అని పలకరించేది. జవాబుండేది కాదు. అదే బంకు మామయ్య కిందినుంచి చేతి రేడియోలో, "మాస్టారూ, టీ చల్లారిపోతోంది," అంటే చాలు, "చల్లారనీ, నీ టీ వేడిగా ఉన్నా ఒకటే," అని ఆయన చమత్కారం. మిగతావాళ్లతో కులాసాగా ఉండే మనిషి ఆమె మాటకొచ్చేసరికి రాయి. గదిలో పక్కనుంచి ఏదైనా అడిగితే బూట్ల లేసులు కట్టుకుంటూ ఉండిపోయేవారు. ఎదురుగా నిలబడి మాట్లాడితే మామూలుగానే ఉండేవారు. అది ఆమె గమనించలేదు. గమనించినా అర్థం చేసుకోలేదు.

"నా మీద కోపమా మామయ్యా, ఆయనకి?" అని ఒకరోజు బంకు మామయ్యని అడిగింది.

"కుర్చీ దిగినవాళ్లకి కొన్నాళ్లు నడుం నొప్పి ఉంటుందిలే," అన్నాడతను. "అదే తగ్గుతుంది."

ఆ మాట ఆమెకి సరిగ్గా అతికినట్టనిపించింది. మాస్టార్నే అడిగితే పోయేది. అడగలేదు. తనకి విద్య నేర్పిన మనిషి తనని చూసి ఓర్వలేకపోతున్నాడని మనసులో ఒక ముడి వేసుకుంది. ఆయన పలకని ప్రతిసారీ ఆ ముడి ఇంకాస్త బిగిసింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె డెంటిస్టుకి పాఠం చెబుతోంది. నడివయసులో విమానం నేర్చుకోవాలని ముచ్చటపడి వచ్చినాయన. చేతులు బంగారం, విమానాన్ని పువ్వులా పట్టుకుంటాడు. రేడియో బటన్ నొక్కితే మాత్రం గొంతు పెగలదు. "రోజంతా అందరి నోళ్లూ తెరిపిస్తానండీ, నా నోరే తెరుచుకోవట్లేదు," అని తనమీద తనే నవ్వుకునేవాడు. ఆ రోజూ అదే అవస్థ. స్కూలు విమానానికి తోక ఎర్రగా ఉంటుంది కాబట్టి దాన్ని ఎర్రతోక అంటారు. రన్‌వేకి సూటిగా ఎదురుగా వచ్చే చివరి దారిని ఫైనల్ అంటారు. ఎర్రతోక ఫైనల్లోకి తిరిగింది. చెప్పమని పిచ్చుక సైగ చేసింది. డెంటిస్టు బటన్ నొక్కాడు, పెదాలు కదిపాడు, వదిలేశాడు.

"సరే, ఈసారికి నేను చెబుతాను," అని ఆమె నొక్కింది. "ఎర్రతోక ఫైనల్లో ఉంది. దిగుతున్నాం."

కాసేపటికి రేడియోలో గొంతు సవరింపు వినిపించింది. "ముసలమ్మ ఎడమ పక్కనుంచి వస్తోంది. ఫైనల్లోకి తిరుగుతున్నాను."

పిచ్చుక ఎడమవైపు వంగి చూసింది. ముసలమ్మ తమకంటే కిందుగా, కాస్త ముందుగా, అడ్డంగా వస్తోంది. "మాస్టారూ, తిరక్కండి. నేను ఫైనల్లోనే ఉన్నాను. మీకు పైన, వెనకాల," అంది.

ముసలమ్మ రెక్క వాలింది.

"మాస్టారూ! తిరక్కండి అంటున్నాను!"

ఆ విమానంలో కూర్చుంటే పైనున్నది కనపడదు, రెక్క అడ్డం. చెవితో తెలుసుకోవాల్సిందే. ముసలమ్మ నిక్షేపంగా తిరిగి సరిగ్గా వాళ్ల ముక్కు కిందికి వచ్చింది. పిచ్చుక డెంటిస్టు చేతుల్లోంచి విమానాన్ని లాక్కుని, ఇంజన్ వేగం పూర్తిగా పెంచి, ముక్కు లేపి కుడివైపుకి కోసింది. కింద ముసలమ్మ రెక్క మీది పాత అతుకు కూడా కనపడేంత దగ్గరగా తప్పిపోయింది. డెంటిస్టు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బొమ్మలా ఉండిపోయాడు.

విమానం పైకి లేచాక, ప్రమాదం దాటిపోయాక, ఆమె భయమంతా కోపమై నోటిదాకా వచ్చింది. వేలు బటన్ మీదే ఉంది.

"మీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది మాస్టారూ! నా మాటంటే లెక్కలేకపోతే ఇంట్లో కూర్చోండి! జనాన్ని మాత్రం చంపకండి!"

ప్రకటనల బ్యానర్లు లాగే పైలట్, దూరంనుంచి, నవ్వాపుకుంటూ, "శంఖం బాగానే పూరించారు మేడం," అన్నాడు. ఇంకెవరో బటన్ నొక్కి కిసుక్కుమన్నారు.

ఆపైన మళ్లీ గొంతు సవరింపు. "ముసలమ్మ రన్‌వే ఖాళీ చేసింది. గాలి పక్కనుంచి తోస్తోంది, దిగేవాళ్లు చూసుకోండమ్మా," అంది మాస్టారి గొంతు, ఎప్పటిలాగే నిదానంగా.

ఎంత నిబ్బరం, అనుకుంది పిచ్చుక. పళ్లు కొరుక్కుంటూ విమానాన్ని తిప్పి తెచ్చి దించింది. బెల్టు విప్పుకుని సరాసరి పెట్రోలు పంపు దగ్గరికి నడిచింది. ఇవాళ ఏదో ఒకటి తేల్చుకోవాలని.

పంపు దగ్గర మాస్టారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో టీ గ్లాసు. బంకు మామయ్య, ఒక మెకానిక్కు, ఇద్దరు విద్యార్థులు చుట్టూ నిలబడి ఉన్నారు. బంకు మామయ్య పంపు మీటరుని గుడ్డతో తుడుస్తున్నాడు, అది శుభ్రంగానే ఉన్నా. మాస్టారు ఆమెని చూడగానే మొహమంతా నవ్వయ్యారు.

"ఏమ్మా పిచ్చుకా, రేడియోలో ఎవరో శంఖం అంటున్నారేంటి? యుద్ధమేమైనా మొదలైందా?"

ఎవరూ నవ్వలేదు. మెకానిక్కు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మాస్టారు ఆమె జవాబు కోసం చూస్తున్నారు. ఆమె కళ్లలోకి కాదు, పెదాల వైపు. అప్పుడు తెలిసింది ఆమెకి. ఇన్నాళ్లూ పలకనిది ఎందుకో, గదిలో పక్కనుంచి అడిగితే లేసులు కట్టుకున్నది ఎందుకో, గాల్లో రెండుసార్లు అరిచినా ముసలమ్మ ఎందుకు తిరిగిందో, అన్నీ ఒక్కసారే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఆయనకి ఆమె గొంతు వినపడదు. ఆమె అన్న మాట ఆ చుట్టుపక్కల రేడియో ఉన్న ప్రతివాళ్లూ విన్నారు. ఆయన తప్ప.

"ఏమైంది? అందరూ అలా ఉన్నారేం?" అన్నారు మాస్టారు.

"ఏం లేదు మాస్టారూ," అంది పిచ్చుక.

"మరేం," అని ఆయన గ్లాసు ఖాళీ చేశారు. గాలి గురించి రెండు ముక్కలు చెప్పారు. విద్యార్థుల్లో ఒకడి భుజం తట్టి, ఇంటివైపు నడిచారు. వెళ్తూ వెళ్తూ కూనిరాగం తీస్తున్నారు. ఆయన గేటు దాటేదాకా అందరూ నిలబడే ఉన్నారు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ముసలమ్మ మీద కప్పిన టార్పాలిన్ అలాగే ఉండి దాని ముడతల్లో వాన నీళ్లు నిలిచాయి. ఆయనకి తెలిసిపోయిందని అందరికీ అర్థమైంది. ఎవరు చెప్పి ఉంటారో కూడా అర్థమైంది. వంటింటి కిటికీలో రిసీవరుంది కదా.

పిచ్చుక రోజూ వెళ్దామనుకునేది. ఒకరోజు విద్యార్థులకి పరీక్షలు, ఒకరోజు ముసురు, ఇంకోరోజు ఇంజన్ విప్పారు. ఏదీ అబద్ధం కాదు, కానీ ఏదీ నిజంగా అడ్డమూ కాదు. ఆయన ఎదురుగా నిలబడి ఏమని మొదలుపెట్టాలో ఆమెకి తోచలేదు. మాటలు వెతుక్కుంటూ వారాలు గడిపేసింది. చివరికి డెంటిస్టే అన్నాడు, పాఠం అయ్యాక షెడ్డులో బూట్లు దులుపుకుంటూ.

"పన్ను పుచ్చినవాళ్లు కూడా ఇలాగే చేస్తారండీ. రేపొస్తాం, ఎల్లుండొస్తాం అంటారు. నొప్పి తగ్గిందంటారు. తీరా వచ్చేసరికి పన్ను ఉండదు, వేరు మాత్రం మిగులుతుంది."

ఆ సాయంత్రమే వెళ్లింది.

తలుపు పిన్ని తీసింది. "రామ్మా," అని మంచినీళ్లిచ్చి వంటింట్లోనే కూర్చోబెట్టింది. కిటికీలో రిసీవరు లేదు. అక్కడ నిమ్మకాయల బుట్ట ఉంది. పెరట్లోంచి గొట్టం మీద సుత్తితో కొడుతున్న చప్పుడు వస్తోంది.

"నీళ్ల గొట్టం బాగుచేస్తున్నారు," అంది పిన్ని. "బాగానే ఉన్న గొట్టాన్ని బాగుచేయడం మొదలుపెట్టారు. ఇప్పుడది కారుతోంది."

పిచ్చుక నవ్వలేకపోయింది. "నాకు తెలియదు పిన్నీ. నిజంగా తెలియదు. కావాలని పలకడం లేదనుకున్నాను."

"నీకెలా తెలుస్తుంది? తెలియకుండా కాపాడుకొచ్చింది నేనే కదా." పిన్ని ఒక నిమ్మకాయ తీసి పైట చెంగుతో తుడుస్తూ ఉండిపోయింది. "టీవీ సౌండు ఇల్లెగిరిపోయేలా పెట్టేవారు. పక్కింటావిడ అడిగితే, నాకే చెవుడమ్మా, ఏమనుకోవద్దని చెప్పాను. ఆవిడ పాపం ఇప్పటికీ నాతో అరిచి మాట్లాడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, వెళ్తే ఎగరనివ్వరేమోనని ఆయన భయం. పోనీలే అన్నాను. అదే నేను చేసిన పని."

"అందరి గొంతూ వినపడదా?"

"మగవాళ్లవి వినపడతాయి. సన్నగొంతులు ముందు పోతాయట, ఇదంతా అయ్యాక వెళ్తే డాక్టరు చెప్పాడు. నీ గొంతే అన్నిటికంటే ముందు పోయిందమ్మా." పిన్ని ఆమె వైపు చూడలేదు. "మొదట్లో ఏమన్నారో తెలుసా? 'పిచ్చుక ఈమధ్య రేడియోలో నన్ను పలకరించడం మానేసింది. కుర్చీ ఎక్కాక మనిషి మారిపోయింది,' అన్నారు. చాలా బాధపడ్డారు. ఒకరోజు నువ్వు గదిలో గాజు తలుపు అవతల నిలబడి నోరు కదుపుతుంటే చూశారట. నువ్వు ఆయన్నే పిలుస్తున్నావట. తలుపు తీసే ఉందట. ఆ రోజు తెలిసింది ఆయనకి. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు."

పెరట్లో సుత్తి చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"ఆ రోజు నువ్వన్నది నేను ఇక్కడే నిలబడి విన్నాను," అంది పిన్ని. "వెంటనే దాన్ని ఆపేశాను. ఆయన పాట పాడుకుంటూ వచ్చారు. ఇవాళ రేడియో పెట్టలేదేం అన్నారు. దాచలేకపోయాను. కిటికీలన్నీ మూసి చెప్పాను. మెల్లగా చెబితే వినపడదు కదమ్మా. ఆ మాటలు అరిచి చెప్పాల్సి వచ్చింది నాకు."

మాస్టారు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. కుడి చెవి వెనక చిన్న మిషను ఉంది, కొత్తది. పిచ్చుకని చూసి ఆగారు. తరవాత చక్కగా నవ్వారు.

"రండి, రండి. ఎప్పుడొచ్చారు? కూర్చోండి, లేచారెందుకు?"

దిండ్ల మీద కూర్చున్న నాటి నుంచీ ఆయన పిచ్చుకని నువ్వు అనే అన్నారు. "మాస్టారూ, నన్ను మీరు అంటున్నారేంటి?"

"పెద్ద ఇన్‌స్ట్రక్టరుగారు కదా. మొదట్నుంచీ అనాల్సింది," అన్నారు. ఆ మాటలో దెప్పడం లేదు. దెప్పి ఉంటే ఆమెకి సుఖంగా ఉండేది.

"ఇప్పుడు వినిపిస్తోందా, నేను మాట్లాడేది?"

"వినిపిస్తోంది. మీ గొంతులా లేదనుకోండి. రేకు డబ్బాలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. కానీ మాట తెలుస్తోంది." ఆయన బల్ల అవతల కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. "ఒకటి అడుగుతాను. ఆ రోజు మీరన్న మాట అందరూ విన్నారు, నేను తప్ప. మా ఆవిడ చెప్పింది. కానీ ఏదో తగ్గించి చెప్పిందని నా అనుమానం. మీ నోటితో ఒకసారి చెప్పండి."

"వద్దు మాస్టారూ."

"నా గురించి అన్న మాట కదా. నేనొక్కణ్ణే వినకపోతే ఎలా?"

పిన్ని నిమ్మకాయ బుట్టలో పెట్టేసి పెరట్లోకి వెళ్లిపోయింది. పిచ్చుక బల్ల అంచు పట్టుకుంది. తగ్గించి చెబుదామనే అనుకుంది. కానీ ఆయన చూపు ఆమె పెదాల మీదే ఉంది, ఏ మాట మింగినా తెలిసిపోయేలా. చెప్పింది. ఉన్నదున్నట్టు, శంఖంతో సహా, ఇంట్లో కూర్చోమన్న దానితో సహా.

మాస్టారు తల ఊపుతూ విన్నారు. చివర్లో ఊపడం ఆగిపోయింది.

"శంఖమా," అన్నారు మెల్లగా. "అది మా ఆవిడ చెప్పలేదు." కాసేపు ఏదో లెక్క కలుపుకుంటున్నట్టు బల్ల వైపు చూశారు. "అయితే ఆ బ్యానర్ పైలట్ అన్నది దాని గురించా. నేను పంపు దగ్గర యుద్ధం మొదలైందా అని అడిగాను కదూ."

పిచ్చుక ఏడుస్తోంది. ఆయన ఆపమనలేదు, ఓదార్చలేదు. లేచి మంచినీళ్ల గ్లాసు ఆమె దగ్గరికి జరిపారు.

"మీరు అరిచినందుకు నాకేం లేదమ్మా. నేను ఇద్దరి ప్రాణాల మీదికి తెచ్చాను. డెంటిస్టుగారికి పిల్లలున్నారు. వినపడదని తెలిసీ ఎక్కాను. ఈ వానలు తగ్గేదాకా, ఆ తరవాత మానేద్దాం అని నాకు నేనే వాయిదా ఇచ్చుకున్నాను. నా చెంప పగలగొట్టినా తప్పు లేదు." ఆగారు. "కానీ దిగాక మిమ్మల్నే అడిగాను. ఏమైంది అని. మీరు ఏం లేదు మాస్టారూ అన్నారు. అది మాత్రం స్పష్టంగా తెలిసింది. మీ పెదాలు నాకు బాగా అలవాటు కదా."

"చెప్పడానికి నోరు రాలేదు."

"తెలుసు. నాకూ రాలేదు." ఆయన చెవి మిషను తీసి, దాని మీది తడి చొక్కాకి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

పిచ్చుక తను దారిపొడుగునా కూర్చుకున్న మాట బయటపెట్టింది. "మాస్టారూ, మిషను పెట్టుకుని ఎగరొచ్చు. పక్కన నేను కూర్చుంటాను. రేడియో నేను చూసుకుంటాను. రేపు రండి. రేపు కాకపోతే ఆదివారం."

"డాక్టరూ అదే అన్నాడు, ఎగరొచ్చని." మాస్టారు నవ్వారు. "ఎగరడానికి భయం లేదమ్మా. దిగాక ఆ పంపు దాకా నడవాలి కదా. అది నా వల్ల కాదు."

ఆ పైన ఇద్దరూ గొట్టం గురించి మాట్లాడుకున్నారు. ఎక్కడ కారుతోందో ఆయన చూపించారు. ఆమె చూసింది.

ఆయన మళ్లీ రన్‌వే మీదికి రాలేదు. వానలు తగ్గాక ముసలమ్మని ఇంకో ఊరి క్లబ్బుకి ఇచ్చేశారు. దాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన పైలట్‌కి దాని అలవాట్లన్నీ ఇంటి దగ్గరే కూర్చోబెట్టి చెప్పారట, ఏ మీట బిగుసుకుంటుందో, ఏ తలుపు దానంతటదే తెరుచుకుంటుందో. అది లేచి వెళ్తుంటే బంకు మామయ్య పంపు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. బ్యానర్ పైలట్ ఒకసారి మాస్టారింటికి వెళ్లి క్షమాపణ చెప్పొచ్చాడు. మాస్టారు అతనికి టీ ఇచ్చి, బ్యానర్ మీద అక్షరదోషాలు ఎక్కువగా ఉంటున్నాయని చెప్పి పంపించారు. డెంటిస్టుకి గొంతు పెగిలింది. ఇప్పుడతను రేడియోలో అవసరానికి మించి మాట్లాడతాడు, ఎవరైనా పలకకపోతే పలికేదాకా వదలడు.

పిచ్చుక అదే కుర్చీలో ఉంది. గాల్లో ఎవరైనా పొరపాటు చేస్తే రేడియోలో నోరెత్తదు. కిందికి దిగాక నేరుగా వెళ్లి, మొహం చూసి చెబుతుంది. మంచి పద్ధతి అని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఆమె మాట మారుస్తుంది.

వీలున్న ఆదివారాల్లో మాస్టారింటికి వెళ్తుంది. ఆయన ఎప్పుడూ ఆదరంగానే చూస్తారు. పెరట్లో పాదుల సంగతులు చెబుతారు, పక్కింటావిడ అరుపుల మీద జోకులేస్తారు. మీరు అనే అంటారు. నువ్వు అనమని మొదట్లో రెండుమూడుసార్లు బతిమాలింది. "అలాగేనమ్మా," అనేవారు, మరుక్షణం మళ్లీ మీరే. పట్టుదలతో కాదు. పాత అలవాటు పోయి కొత్తది వచ్చింది, అంతే. ఇక అడగడం మానేసింది. విమానాల ఊసు ఇద్దరూ ఎత్తరు. ఇంటి మీదుగా ఏదైనా వెళ్తే ఆ శబ్దం తగ్గేదాకా ఇద్దరూ ఆగి, ఆపిన చోటునుంచి మళ్లీ మొదలుపెడతారు.

మొన్న అలాగే వెళ్లి, చీకటి పడకముందే బయల్దేరింది. పిన్ని గేటుదాకా వచ్చింది. స్కూటరు స్టాండు తీస్తుంటే మాస్టారు వసారాలోంచి అన్నారు:

"గాలి పెరుగుతోంది. పెద్ద రోడ్డు మీద దుమ్ము లేస్తుంది. నిదానంగా వెళ్లండి."

"సరే మాస్టారూ," అంది పిచ్చుక. అని, ఎందుకో ఆగింది. ఇన్నాళ్లలో ఆ ఒక్క మాటా ఆమె ఆయనతో అనలేదని అప్పుడే గుర్తొచ్చింది. "నన్ను క్షమించండి," అంది.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగారు. మిషను లోపల బల్లమీద ఉండిపోయింది. ఏమంటోందని పిన్ని వైపు చూశారు.

పిన్ని ఒక్క క్షణం పిచ్చుక మొహంలోకి చూసింది. తరవాత ఆయన వైపు తిరిగి, వీధిలో వాళ్లకి కూడా వినపడేంత గట్టిగా చెప్పింది:

"సరేనంటోంది!"

ఆయన తల ఊపి, చెయ్యి ఎత్తారు. పిచ్చుక కూడా ఎత్తి, స్కూటరు స్టార్టు చేసింది.